పలక కింద గోదావరి



రావులపాలెం, రాజమండ్రి షాపుల్లో ఈమధ్య టేకు చెక్కలా కనిపించే పలకలు చూపించి, “నీళ్లకి చెడదండి, చెద పట్టదండి, రెండు రోజుల్లో గది పూర్తయిపోద్దండి” అంటున్నారు. షాపులో దాని పేరు ఎస్‌పీసీ. ఆస్ట్రేలియాలో ఉంటున్న మన పిల్లలు దాన్నే హైబ్రిడ్ ఫ్లోరింగ్ అంటారు. మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో కొడుకు ఇంట్లో ఆర్నెల్లుండి వచ్చిన తల్లిదండ్రులకి, ఆత్రేయపురంలో ఇంటికి కూడా అదే వేయించాలనిపించడం సహజం. కాలికి చల్లగా కొట్టదు, జారదు, చూడ్డానికి బావుంటుంది. కోరికలో తప్పేమీ లేదు. కాకపోతే మెల్‌బోర్న్ ఇంటి కింద ఉన్న నేల వేరు, గౌతమీ వశిష్ఠల మధ్య ఉన్న మన నేల వేరు. పేచీ అంతా అక్కడే ఉంది.

ముందు ఆ పలకలో ఏముందో చూద్దాం. మన పాత పెంకుటిళ్లలో పరిచిన నాపరాళ్లు బేతంచర్ల నుంచో తాండూరు నుంచో వచ్చినవి. అవి సున్నపురాయి. ఈ పలక మధ్యలో ఉన్నదీ సున్నపురాయే. దాన్ని పొడికొట్టి, మన బోరు పైపులు తయారయ్యే పీవీసీతో కలిపి, వేడిమీద ఒత్తి తీస్తారు. బరువులో సగానికి పైగా రాతిపొడే. దానిమీద చెక్క నారలు అచ్చువేసిన పలచటి పొర, ఆ పైన అరుగుదలకి తట్టుకునే గాజులాంటి పొర, అన్నిటికన్నా పైన ఒక పూత. చాలావాటికి అడుగున మెత్తటి ఫోమ్ అంటించి వస్తుంది. చెక్క మాత్రం ఎక్కడా లేదు.

చెక్క ఉన్నది వేరే సరుకు, దాన్ని లామినేట్ అంటారు. స్వీడన్‌లో పెర్‌స్టార్ప్ అనే కంపెనీ 1977లో కనిపెట్టింది. చెక్కపొడిని అట్టలా ఒత్తి, దానిమీద బొమ్మ అంటించిన పలక అది. 1990ల మధ్యకి వచ్చేసరికి, జిగురు లేకుండా ఒక పలక అంచు ఇంకో పలక అంచులో టక్కుమని బిగిసే పద్ధతి వచ్చింది. హైబ్రిడ్ వాళ్లు ఆ బిగింపునే తీసుకుని, లోపలి చెక్కపొడి బదులు రాతిపొడి పెట్టారు. రెండూ షాపులో పక్కపక్కనే ఉంటాయి, పైకి ఒక్కలాగే కనిపిస్తాయి. మన కోనసీమ గాలిలో లామినేట్ అంచులు ఉబ్బుతాయి. అమ్మేవాళ్ల మాటమీద ఆధారపడక్కర్లేదు. రెండు నమూనా ముక్కలు ఇంటికి తెచ్చి రాత్రంతా బకెట్టు నీళ్లలో పడేయండి. పొద్దున్నకి ఏది ఉబ్బిందో వేలితో తడిమితే తెలిసిపోతుంది. నమూనా ఇవ్వనన్న షాపులో కొనకండి.

అదే షాపులో డబ్ల్యూపీసీ అని ఇంకోటి చూపిస్తారు. దాని లోపలి భాగం నురగలా తేలిగ్గా ఉంటుంది. కాలికి ఇంకాస్త మెత్తగా, వెచ్చగా ఉంటుంది. కానీ ఇనప బీరువా కోళ్ల కింద గుంటలు పడతాయి. మన ఇళ్లలో బీరువా లేని గది అరుదు కాబట్టి ఎస్‌పీసీయే నయం.

ఇక అంకెలు. షాపువాడు ముందు చెప్పేది మందం: నాలుగు మిల్లీమీటర్లు, అయిదు, ఆరు. అందులో అడుగున ఉన్న ఫోమ్ కూడా కలిపి చెప్తాడు. “ఫోమ్ తీసేస్తే పలక ఎంత?” అని అడగండి. అంతకన్నా ముఖ్యమైంది పైన ఉన్న అరుగుదల పొర. అది 0.3 మిల్లీమీటర్లయితే పడగ్గదికి సరిపోతుంది. నలుగురూ తిరిగే హాలుకి 0.5 తీసుకోండి. కొన్ని డబ్బాలమీద ఇది “మిల్” లెక్కలో రాసి ఉంటుంది. మిల్ అంటే మిల్లీమీటరు కాదు, అంగుళంలో వెయ్యో వంతు. 12 మిల్ అంటే 0.3 మిల్లీమీటర్లు, 20 మిల్ అంటే 0.5. మనం కొనేది ఆ అర మిల్లీమీటరునే. అది అరిగిపోయాక కింద మిగిలేది బొమ్మ, దాన్ని పాలిష్ పట్టించి మళ్లీ కొత్తది చేసుకోలేం. మొజాయిక్‌కీ మార్బుల్‌కీ ఉన్న ఆ సౌకర్యం దీనికి లేదు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. డబ్బామీద “వాటర్‌ప్రూఫ్” అని పెద్దక్షరాలతో ఉంటుంది. అది నిజమే. పలక నీళ్లకి చెడదు. కానీ ఆ మాట పలక గురించి, మీ ఇంటి గురించి కాదు. మనకి నీళ్లు పైనుంచి పడే దానికన్నా కిందనుంచి వచ్చేది ఎక్కువ.

ఆస్ట్రేలియాలో నేలమీద కాంక్రీటు పోసేముందు కింద 0.2 మిల్లీమీటర్ల మందం పాలిథిన్ షీటు పరుస్తారు. అక్కడి నిబంధనల్లోనే అది ఉంది. మట్టిలో తడి కాంక్రీటులోకి ఎక్కకుండా ఆ షీటు ఆపుతుంది. మనవైపు ఇరవై ముప్ఫయ్యేళ్ల కిందట కట్టిన ఇల్లు తీసుకోండి. పునాది లేపి, లోపల ఇసుకో మట్టో నింపి, నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టి, పైన కంకర కాంక్రీటు వేసి, దానిమీద బండలో టైల్సో పరిచి ఉంటారు. మధ్యలో షీటు ఉండదు. మధ్య డెల్టా ప్రధాన కాలువ బొబ్బర్లంక దగ్గర మొదలై, లొల్ల లాకుల దగ్గర పాయలుగా విడిపోతుంది. కాలువలో నీళ్లుంటే చేలో నీళ్లు, చేలో నీళ్లుంటే మన పునాదిలో చెమ్మ. టైల్స్ సందుల్లో తెల్లటి ఉప్పు పొడి తేలడం, గోడ పాదంలో సున్నం రాలడం మన ఆత్రేయపురం మండలంలో చూడనివాళ్లు ఎవరు?

ఆ నేలమీద ఈ పలకలు పరిస్తే ఏమవుతుంది? పలకకి ఏమీ కాదు. ఇన్నాళ్లూ నేలలోంచి కొద్దికొద్దిగా ఆవిరై గాలిలో కలిసిపోయిన తడికి ఇప్పుడు పైన మూత పడుతుంది. అది పలక కింద నిలబడుతుంది. ఫోమ్‌కి బూజు పడుతుంది, గది తలుపేసి తెరిస్తే ముక్కవాసన కొడుతుంది. ఇంకొంత తడి గోడల దారి పట్టి, రెండడుగుల ఎత్తులో ఉన్న చెమ్మ మూడడుగులకి ఎక్కుతుంది. అప్పుడు రంగులు వేసినవాణ్ణి తిట్టుకుంటాం.

అందుకని కొనేముందు ఒక పరీక్ష చేయండి. పద్దెనిమిది అంగుళాల చదరం పాలిథిన్ షీటు ముక్క తీసుకుని నేలమీద పరిచి, నాలుగు అంచులా టేపు గట్టిగా అంటించండి. కనీసం పదహారు గంటలు అలా వదిలేయండి. తీసి చూసినప్పుడు షీటు అడుగున నీటి చుక్కలున్నా, నేల రంగు ముదిరినా, కింద తడి ఉన్నట్టే. ఒక్కచోట కాదు, గది మధ్యలో, బయటి గోడ పక్కన, బాత్రూం పక్కన కూడా వేసి చూడండి. టైల్స్ ఉన్న గదిలో షీటు కింద సందులు కూడా వచ్చేలా పెట్టండి. టైల్ తడిని పైకి రానివ్వదు, వచ్చేది సందుల్లోంచే.

ఎప్పుడు చెయ్యాలి అన్నది కూడా ఉంది. ఇంటి పనులన్నీ మనం ఎండాకాలంలో పెట్టుకుంటాం. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తారు. భూమిలో నీటిమట్టం దిగుతుంది, నేల పొడిగా ఉంటుంది. మేలో షీటు అంటిస్తే అన్ని గదులూ పాసవుతాయి. జూన్‌లో కాలువలు వదిలి, ఊడుపులై, ఆగస్టులో గోదావరి నిండుగా పారేటప్పుడు అదే గదిలో అదే షీటు అంటించండి. ఆ లెక్క నమ్మండి. ఒక వర్షాకాలం ఆగలేమా అండీ, ఇరవయ్యేళ్లు ఉండాలనుకునే నేల కోసం?

పరీక్షలో తడి కనిపించిన నేలకి, పైన మామూలు పాలిథిన్ షీటు పరిచి పలకలు వేసేయొచ్చు అని కొందరు చెప్తారు. పైమేడ గదుల్లో, కొద్దిపాటి తేమ ఉన్న చోట్ల షీటు పనికొస్తుంది. ఇరవై సెంటీమీటర్ల మేర ఒకదానిమీద ఒకటి వచ్చేలా పరిచి, అతుకులకి టేపు వేయాలి. కానీ చెమ్మ ఊరే కింది నేలకి అది మందు కాదు. పాత బండలు తీసి, కాంక్రీటు కింద షీటు వేసి మళ్లీ పోయించగలిగితే సరే. లేదంటే ఆ గదిని నాపరాయితోనో టైల్స్‌తోనో ఉండనివ్వండి. ముఖ్యంగా పాత మండువా లోగిళ్లలో ఇసుకమీద పరిచిన నాపరాళ్లని, సున్నపు గచ్చుని కప్పెట్టకండి. అవి గాలి పీల్చే నేలలు. వందేళ్లు నిలబడ్డాయంటే కారణం అదే.

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు అదృష్టవంతులు. మేస్త్రికి ఒక్క మాట చెప్తే చాలు: కాంక్రీటు కింద షీటు వేయమని. ఇంటి ఖర్చులో అదొక లెక్కలోకి వచ్చే ఖర్చే కాదు. హైబ్రిడ్ వేసినా, వేయకపోయినా మంచిదే.

వరద సంగతి కూడా చెప్పాలి. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు ఈ మండలంలో ఇంకా ఉన్నారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక, అంటే 17.75 అడుగులు, దాటి గోదావరి వచ్చింది. లంకల్లో ఇళ్లున్నవాళ్లు, ఏటిగట్టు లోపలివైపు ఉన్నవాళ్లు కింది అంతస్తులో ఈ పలకల ఆలోచన మానుకోండి. వరదనీళ్లు పలకని పాడుచేయకపోవచ్చు. ఆ నీళ్లతో వచ్చే ఒండ్రు మాత్రం ప్రతి బిగింపులోకీ, ప్రతి పలక కిందకీ దూరుతుంది. టైల్స్ అయితే చీపురు, గొట్టం పెట్టి కడిగేస్తాం. ఇవయితే గదంతా విప్పాలి. విప్పి, కడిగి, ఆరబెట్టి మళ్లీ బిగించబోతే అంచుల్లో ఇసుక రేణువు ఒక్కటున్నా సరిగ్గా కూర్చోవు.

పైమేడ పడగ్గదులు, పెద్దవాళ్ల గది, పిల్లలు చదువుకునే గది, వీటికి హైబ్రిడ్ నిజంగా బావుంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు డిసెంబరు పొద్దున్న గ్రానైటుమీద కాలు పెట్టలేక చెప్పులేసుకుని తిరుగుతుంటారు. వాళ్లకి దీనిమీద హాయిగా ఉంటుంది. చెదపురుగుకి ఇందులో తినడానికి ఏమీ లేదు. అయితే చెద పలక కిందనుంచి మట్టిదారి కట్టుకుని ద్వారబంధానికి చేరొచ్చు, పైకి మనకి కనబడదు. కాబట్టి పలకలు వేసేముందే గది మూలల్లో మందు కొట్టించండి.

వేయకూడని చోట్లు చెప్తాను. వరండా, అరుగు, ఎండ నేరుగా పడే బాల్కనీ. పీవీసీ ఉన్న సరుకు కాబట్టి ఎండకి సాగుతుంది, పలకలు మధ్యలో లేస్తాయి. పడమటివైపు పెద్ద గాజు తలుపులున్న గదికి కర్టెన్లు తప్పనిసరి. బాత్రూం వద్దు. పూజగది వద్దు. సాంబ్రాణి నిప్పు, కర్పూరం, కారిన దీపం నూనె, కుంకుమ, పసుపు, కొబ్బరికాయ కొట్టే రాయి, ఇవన్నీ రాతినేల తట్టుకునేవి. మెట్లమీద కూడా వద్దు, అక్కడ గ్రానైటుని మించింది లేదు.

ఇంకో గది ఆత్రేయపురానికి మాత్రమే సంబంధించింది. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన పూతరేకు ఇప్పటికీ ఇళ్లలోనే తయారవుతుంది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పైన పిండినీళ్లలో ముంచిన గుడ్డతో ఒక్క ఊపు. పొయ్యి పక్కన కూచుని రేకులు తీసే ఆ గదిలో నిప్పురవ్వలు పడుతూనే ఉంటాయి. రవ్వ పడితే నాపరాయిమీద నల్లటి మచ్చ పడుతుంది, తుడిస్తే పోతుంది. ఈ పలకమీద చిన్న గుంట పడి అలాగే ఉండిపోతుంది. రేకులు తీసే గదికి వద్దు. చుట్టి, నెయ్యి పంచదార వేసి, డబ్బాల్లో పెట్టే గదికి కావాలంటే వేసుకోండి, తుడుచుకోవడం తేలికే. అన్నట్టు, కోసిన పలక ముక్కలు మిగులుతాయి. వాటిని కొబ్బరి డొక్కలతోపాటు పొయ్యిలో పెట్టకండి. పీవీసీ కాలితే వచ్చే ఆవిరి ఆమ్లం. పక్కన కూచున్న మనిషి ఊపిరితిత్తుల్ని కోస్తుంది.

సరే, గది నిర్ణయమైంది, నేల పొడిగా ఉందని తేలింది. ఇక వేయడం.

ఈ పలకలు నేలకి అంటవు. ఒకదానికొకటి బిగుసుకుని, నేలమీద చాప పరిచినట్టు ఉంటాయి. అందుకని కింద నేల మట్టంగా ఉండాలి. రెండు మీటర్ల అల్యూమినియం బద్ద పెట్టి చూస్తే ఎక్కడా మూడు మిల్లీమీటర్లకన్నా ఎక్కువ సందు కనబడకూడదు. పల్లం ఉన్నచోట పలక అడుగు పడినప్పుడల్లా వంగుతుంది, కొన్నాళ్లకి బిగింపు నాలుక విరుగుతుంది. చప్పుడొచ్చే నేలంటే చాలాసార్లు ఇదే కారణం. పాత టైల్స్‌మీద వేస్తుంటే, కర్రతో ఒక్కొక్కటీ తట్టి బోలు మోగినవి తీయించి సిమెంటుతో నింపించండి. సందులు వెడల్పుగా ఉంటే అవీ పూడ్పించాలి. మెత్తగా ఉంటుందని అడుగున ఫోమ్ ఉన్న పలక కింద ఇంకో ఫోమ్ వేయించకండి, అదీ బిగింపుకి దెబ్బే.

డబ్బాలు తెచ్చాక అదే గదిలో నలభై ఎనిమిది గంటలు పడుకోబెట్టి ఉంచాలి, నిలబెట్టకూడదు. ఎండలో లారీమీద వచ్చిన పలకని వెంటనే బిగిస్తే, రాత్రి చల్లబడ్డాక సందులిస్తుంది.

గోడ చుట్టూ ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఇది మన మేస్త్రులకి నచ్చదు. టైల్‌ని గోడకి ఆనించి పెట్టడం అలవాటైన చెయ్యి, ఖాళీ చూస్తే పని చెడ్డదనుకుంటుంది. ఆ ఖాళీ లేకపోతే ఏప్రిల్ ఎండకి పలకలు సాగి, పోయే దారి లేక మధ్యలో లేస్తాయి. ఖాళీని స్కర్టింగ్ కప్పేస్తుంది. ఆ స్కర్టింగ్‌ని గోడకి కొట్టాలి, పలకకి కాదు. ద్వారబంధాల దగ్గర కూడా చుట్టూ సిమెంటు పెట్టి మూసేయకుండా, బంధం అడుగున రంపంతో పలక మందం కోసి, పలకని దాని కిందకి దూర్చాలి. టేకు ద్వారబంధానికి రంపం పెట్టడానికి చెయ్యి రాకపోతే, అక్కడ ఖాళీ వదిలి పట్టీ వేయించండి. తలుపు రెక్క కూడా చూసుకోవాలి, నేల అయిదారు మిల్లీమీటర్లు లేస్తుంది కదా, రెక్క రాసుకుంటుంది.

వరసల లెక్క ముందే కాగితంమీద వేసుకోండి. ఉదాహరణకి గది వెడల్పు పన్నెండడుగులు, అంటే 3658 మిల్లీమీటర్లు. రెండువైపులా పదేసి ఖాళీ తీస్తే 3638. పలక వెడల్పు 180 అనుకుందాం. ఇరవై వరసలకి 3600 పోతుంది, చివర మిగిలేది 38 మిల్లీమీటర్ల సన్నటి ముక్క. అది నిలవదు, చూడ్డానికీ బావుండదు. అందుకని మొదటి వరసనీ చివరి వరసనీ 109 మిల్లీమీటర్లకి కోసి, మధ్యలో పందొమ్మిది నిండు వరసలు వేయాలి. చివరి వరస యాభై మిల్లీమీటర్లకన్నా సన్నగా రాకూడదన్నది గుర్తు. పక్కపక్క వరసల్లో అడ్డ అతుకులు ఒకే గీతలో రాకూడదు, కనీసం ఇరవై సెంటీమీటర్లు ఎడముండాలి.

ఎవరితో వేయించాలి? నేలని మట్టం చేయడానికి టైల్స్ మేస్త్రి, పలకలు పరచడానికి వడ్రంగి, ఇది నా అభిప్రాయం. కొలిచి కోసే ఓర్పు వడ్రంగికి ఉంటుంది. సుత్తితో పలక అంచుమీద నేరుగా కొట్టకుండా చెక్కముక్క అడ్డం పెట్టాలని అతనికి చెప్పక్కర్లేదు.

వేశాక వాడకంలో మారాల్సింది మనమే. సంక్రాంతికి బకెట్లతో నీళ్లు పోసి కడగడం కుదరదు. తడిగుడ్డతో తుడిస్తే చాలు. పలక తడవడం గురించి కాదు నా భయం, గోడ అంచు ఖాళీలోంచి కిందకి దిగిన నీళ్లు మళ్లీ పైకి రావు. రబ్బరు అడుగున్న కాలిపట్టాలు వేయకండి, పసుపు మరకలు పడతాయి, పోవు. గుమ్మం దగ్గర మన కొబ్బరి పీచు పట్టా వేసుకోండి, అడుగున రబ్బరు లేనిది. గోదావరి ఇసుక కాలికి అంటుకుని లోపలికొస్తే, ఆ అర మిల్లీమీటరు పొరకి అంతకన్నా శత్రువు లేదు. బీరువా జరపాలంటే ఈడ్చకుండా ఎత్తి జరపండి.

కొనేటప్పుడు చివరి మాట. పన్నెండడుగులకి పద్నాలుగు అడుగుల గది 168 చదరపు అడుగులు. కోతలకి పదో వంతు కలిపితే 185. డబ్బాకి ఇరవై చదరపు అడుగులు వస్తే పది డబ్బాలు కావాలి. నేల మట్టం చేయించడం, స్కర్టింగ్, గుమ్మం పట్టీలు, కూలీ, అన్నీ కలిపి ఒకే కాగితంమీద రాయించుకోండి. చదరపు అడుగు ధర ఒక్కటే విని బేరమాడితే, తర్వాత వచ్చే లెక్కలు ధరని దాటిపోతాయి. డబ్బాలన్నిటిమీదా బ్యాచ్ నంబరు ఒకటేనో కాదో షాపులోనే చూడండి, వేరైతే రంగు తేడా వస్తుంది. పదకొండో డబ్బా ఒకటి ఎక్కువ కొని అటకమీద దాచండి. రెండేళ్ల తర్వాత ఒక పలక పాడైతే, ఆ రంగు, ఆ అంచు బిగింపు షాపులో మళ్లీ దొరకవు.